గజేంద్రుడు మధ్యముడా? పదో తరగతి గదిలో రెండు శార్దూలాలు

కడప జిల్లా వేంపల్లె దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తాను. పదో తరగతిలో ఒక సెక్షన్‌తో చేసిన పనిని ఇక్కడ రాస్తున్నాను. పోతన గజేంద్రమోక్షంలోని ఒక పద్యాన్నీ, ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన భర్తృహరి నీతిపద్యం ఒకదాన్నీ పక్కపక్కన పెట్టి భక్తి, పట్టుదల అనే రెండింటినీ పిల్లల చేత పోల్పించాను. వాళ్లు ఎక్కడ చిక్కుబడ్డారు, ఆ చిక్కులోంచి ఏం పట్టుకొచ్చారు అన్నదే ఇందులో ప్రధానం. తెలుగు చెప్పే తోటివాళ్లకు పనికొస్తుందని కొంచెం వివరంగానే రాస్తున్నా.

ముందున్న పరిస్థితి

రెండు పద్యాలిచ్చి పోల్చమంటే మా పిల్లలు రాసే జవాబు మూడు వాక్యాల్లో అయిపోతుంది. మొదటి పద్యంలో కవి భక్తి గురించి చెప్పాడు. రెండవ పద్యంలో కవి పట్టుదల గురించి చెప్పాడు. మనిషికి భక్తి, పట్టుదల రెండూ అవసరం. ఇది గైడు నుంచి వచ్చిన అచ్చు. ఇందులో తప్పేమీ లేదు, మార్కులు కూడా పడతాయి. అదే ఇబ్బంది. పద్యాలను మార్చేసి ఇంకో రెండు పెట్టినా ఈ జవాబు చెక్కుచెదరదు. పద్యం చదవకపోయినా రాసేయొచ్చు.

మా పిల్లల్లో సగం మందికి కళ్లు ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ మీదే. అక్కడ సీటు పదో తరగతి మార్కులను బట్టి ఇస్తారు, పైగా మా ఊరికి పక్కనే. అందువల్ల "ఇది పరీక్షకు వస్తుందా మేడమ్?" అన్న ప్రశ్న లేకుండా ఏ పీరియడూ మొదలు కాదు. ఆ ప్రశ్న అడిగేవాళ్లను నేను తప్పుపట్టను. మార్కులు పోగొట్టకుండా పద్యాన్ని నిజంగా చదివించే దారి ఏదైనా ఉందా అని చూడటమే నా పని.

రెండు పద్యాలు

మొదటిది అందరికీ నోటికొచ్చిందే. భాగవతం అష్టమ స్కంధం.

లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యెఁ బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చెఁ దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్
నీవే తప్ప నితఃపరం బెరుఁగ మన్నింపందగున్ దీనునిన్
రావే యీశ్వర కావవే వరద సంరక్షించు భద్రాత్మకా!

రెండోది నీతిశతకంలోది.

ఆరంభింపరు నీచమానవులు విఘ్నాయాససంత్రస్తులై
యారంభించి పరిత్యజించుదురు విఘ్నాయత్తులై మధ్యముల్
ధీరుల్ విఘ్ననిహన్యమాను లగుచున్ ధృత్యున్నతోత్సాహులై
ప్రారబ్ధార్థము లుజ్జగింపరు సుమీ ప్రజ్ఞానిధుల్ గావునన్

భర్తృహరిని పుష్పగిరి తిమ్మన, ఏలకూచి బాలసరస్వతి కూడా తెనిగించారు. అయినా జనం నోట నిలిచింది లక్ష్మణకవి పద్యమే. సంస్కృతంలో ఈ శ్లోకం వసంతతిలకం, పాదానికి 14 అక్షరాలు. లక్ష్మణకవి దాన్ని 19 అక్షరాల శార్దూలంలోకి తెచ్చాడు. పోతన పద్యమూ శార్దూలమే. ఈ రెంటినీ జోడీగా ఎంచుకోవడానికి మొదటి కారణం అది. ఛందస్సు ఒకటే అయినప్పుడు తేడా అంతా కవి దాంట్లో ఏం నింపాడన్న దాంట్లోనే కనిపిస్తుంది. పిల్లలకు చూపించడం సులువు.

పోతన పేరు ఎత్తగానే మా క్లాసులో ఒక తగాదా తప్పదు. ఒంటిమిట్ట మా జిల్లాలోదే, కోదండరాముడి గుళ్లో పోతన విగ్రహం ఉంది, కాబట్టి పోతన మనోడే అంటారు. బమ్మెర ఓరుగల్లు దగ్గరిది కదా అని ఒకరిద్దరు గొణుగుతారు. పోతన ఊరిగా చెప్పే ఏకశిలానగరం ఏదన్న పంచాయితీ పెద్ద పండితులే తేల్చుకోలేదు, మనకెందుకు, పద్యం మాత్రం అందరిదీ అని పక్కన పెట్టించాను.

గురులఘువుల నుంచి గొంతు దాకా

మొదటి పీరియడ్లో అర్థం చెప్పలేదు. ఇద్దర్ని బోర్డు దగ్గరికి పిలిచి గురులఘువులు వేయించాను. మ స జ స త త గ. రెండు పద్యాలకూ అవే గణాలు, 13వ అక్షరం దగ్గరే యతి, మొదటిదానికి వకారం ప్రాస, రెండోదానికి రేఫ. తెలిసినవే. తర్వాత గట్టిగా చదవమన్నాను. అసలు పాఠం అక్కడ మొదలైంది.

నీతిపద్యం చదువుతున్న పిల్లవాడికి "విఘ్నాయాససంత్రస్తులై" దగ్గర ఊపిరి ఆడలేదు. మధ్యలో ఆపుకోవడానికి చోటు లేదు. గజేంద్రుడి పద్యం చదివిన అమ్మాయి మొదటి రెండు పాదాల్లో ఆరు చోట్ల ఆగింది. ఆగమని నేను చెప్పలేదు, పద్యమే ఆపింది. లావు, అంటే బలం, లేదు. ధైర్యం తొణికింది. ప్రాణాలు తావు తప్పాయి. మూర్ఛ వచ్చింది. ఒళ్లు డస్సింది. శ్రమ అవుతోంది. ఆరు చిన్న వాక్యాలు, ఒక్కోదానికి ఒక్కో క్రియ.

"ఈ ఆరు వాక్యాల్లో కర్త ఎవరు?" అని అడిగాను. ఏనుగు అన్నారందరూ. పద్యంలో చూపించమన్నాను. వెతికారు, దొరకలేదు. లావు, ధైర్యం, ప్రాణాలు, మూర్ఛ, తనువు, శ్రమ, ఇవే కర్తలు. నేను అన్న మాట పద్యమంతా గాలించినా లేదు. మూడో పాదంలో ముందు "నీవే" వస్తుంది. తన గురించి చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు కూడా గజేంద్రుడు "దీనునిన్" అంటాడు, ఎవరో మూడో మనిషిని గురించి చెప్పినట్టు. అంత పెద్ద ఏనుగు పద్యం లోపల ముక్కలుగా విడిపోయి ఉంది. దాన్ని ఒకటిగా పిలిచే పేరు ఆ రెండు పాదాల్లో ఎక్కడా లేదు.

నీతిపద్యంలో కర్తలు దిట్టంగా ఉన్నారు. విఘ్నాలకు భయపడి మొదలే పెట్టని నీచమానవులు, మొదలుపెట్టి వదిలేసే మధ్యములు, మొదలుపెట్టింది వదలని ధీరులు, పాదానికొకరు. వాళ్లకు ఎదురయ్యేది ఒకటే, విఘ్నం. ముందు వరసలో కూర్చునే ఒకమ్మాయి ఒక సంగతి పట్టుకుంది. విఘ్నం అన్న మాట మొదటి మూడు పాదాల్లోనూ ఉంది, నాలుగో పాదంలో లేదు. ఎందుకు లేదని తిరిగి అడిగితే, "విఘ్నం పోయింది కాబట్టి" అంది. పోయిందని పద్యంలో ఎక్కడుంది?

దీని మీద చాలాసేపు నిలిచాం. గైడులో భావం ఇలా ముగుస్తుంది: ధీరులు ఎన్ని ఆటంకాలు వచ్చినా ఎదుర్కొని విజయం సాధిస్తారు. పద్యంలో విజయం ఊసే లేదు. "విఘ్ననిహన్యమానులగుచున్" అంటే విఘ్నాలు కొడుతుంటే దెబ్బలు తింటూ ఉన్నవాళ్లు. దెబ్బలు తింటున్నారు, వదలడం లేదు, అంతే. గెలిచారా, ఓడారా అన్నది కవి చెప్పలేదు. ఎందుకు వదలరు అన్నదానికి మాత్రం ఒక కారణం చెప్పాడు, ప్రజ్ఞానిధులు కాబట్టి. మొండివాళ్లు కాబట్టి అనలేదు. ఈ చివరి మాటను పిల్లలు మామూలుగా పద్యం నింపడానికి వేసిన మాట అనుకుని దాటేస్తారు. నేను దాని కింద గీత గీయించి పెట్టాను, తర్వాత అవసరం పడుతుందని.

బోర్డు మీది ప్రశ్న

రెండో రోజు బోర్డు మీద ఒకే ప్రశ్న రాశాను. లక్ష్మణకవి లెక్క ప్రకారం గజేంద్రుడు ఏ రకం? నీచుడా, మధ్యముడా, ధీరుడా? పద్యంలోంచి సాక్ష్యం చూపించాలి.

అందరూ ధీరుడన్నారు. ఒక్క పిల్లవాడు మాత్రం "ఆరంభించి పరిత్యజించుదురు" అని చదివి, "పోరాటం మొదలుపెట్టి వదిలేసినాడు కదా మేడమ్, మధ్యముడు" అన్నాడు. గదంతా లేచింది. దేవుణ్ణి పిలిచినోణ్ణి మధ్యముడంటావా అని. వాడు తగ్గలేదు. దేవుణ్ణి పిలిచినాడు కాబట్టే వదిలేసినాడు అన్నాడు.

ఆ పోరు ఎప్పుడు ఆగిందో, ఎలా ఆగిందో పోతన స్వయంగా చెప్పాడు. "లావొక్కింతయు" పద్యానికి ముందే ఉన్న మత్తేభం ఇది. దీన్ని క్లాసుకు తెచ్చి ఇవ్వకపోతే ఈ చర్చ గాల్లో కొట్టుకుపోయేది.

పృథుశక్తిన్ గజ మా జలగ్రహముతోఁ బెక్కేండ్లు పోరాడి సం
శిథిలంబై తన లావు వైరిబలముం జింతించి మిథ్యామనో
రథ మింకేటికి దీని గెల్వ సరి పోరం జాల రాదంచు స
వ్యథమై యిట్లను పూర్వపుణ్యఫల దివ్యజ్ఞాన సంపత్తితోన్

ఏళ్ల తరబడి పోరాడింది. శిథిలమైపోయింది. అప్పుడు తన బలమెంత, శత్రువు బలమెంత అని బేరీజు వేసుకుంది. దీన్ని గెలుస్తాననుకోవడం ఉత్త భ్రమ, ఇంకెందుకు అనుకుంది. ఆ పిల్లవాడు బల్ల చరిచాడు. వాడి వాదం గట్టిదే. నీతిపద్యం కొలబద్ద పట్టుకుంటే ఇది పరిత్యాగమే.

ఇంతలో ఇంకొక అమ్మాయి లేచి అసలు ఆరంభించింది ఎవరని అడిగింది. ఏనుగు నీళ్లు తాగడానికి, ఆడుకోవడానికి మడుగులోకి దిగింది. పోరు దాని పని కాదు. కాలు పట్టింది మొసలి, మొదలుపెట్టింది మొసలి, వదలకుండా ఉన్నదీ మొసలే. "అట్లయితే మొసలే ధీరుడు కదా మేడమ్?"

నవ్వారు. నాకు మాత్రం సంతోషమైంది, ఎందుకంటే పోతన కూడా అదే మాటకు దగ్గరగా వెళ్లాడు. మూడో కాగితం పంచాను.

పాదద్వంద్వము నేల మోపి పవనున్ బంధించి పంచేంద్రియో
న్మాదంబుం బరిమార్చి బుద్ధిలతకున్ మారాకు హత్తించి ని
ష్ఖేదబ్రహ్మపదావలంబనగతిం గ్రీడించు యోగీంద్రు మ
ర్యాదన్ నక్రము విక్రమించెఁ గరిపాదాక్రాంత నిర్వక్రమై

ఇదీ శార్దూలమే. రెండు కాళ్లు నేల మీద ఆనించి, ఊపిరి బిగబట్టి, అయిదు ఇంద్రియాల పిచ్చిని అణచి, బుద్ధి అనే తీగకు కొత్త చిగురు తొడిగి, ఏ దిగులూ లేకుండా బ్రహ్మపదాన్ని పట్టుకున్న యోగి ఎట్లా ఉంటాడో, ఆ మొసలి ఏనుగు కాలిని అట్లా పట్టుకుంది. భాగవతంలో యోగితో పోలిక దక్కింది భక్తుడికి కాదు, భక్తుడి కాలు కొరుకుతున్న మొసలికి. పోతన ఎగతాళి చేయడం లేదు. ఉపమానంలోని ప్రతి మాటా పూర్తి గౌరవంతోనే ఉంది.

పట్టుదల అంతా మొసలి వైపు ఉంటే, ఏనుగు వైపు ఏముంది? పిల్లలు ఇక్కడ ఆగిపోయారు. నేనూ తొందరపడలేదు. గైడులో భక్తి, పట్టుదల రెండు మంచి గుణాలు, పక్కపక్కన కూర్చుంటాయి. పోతన దగ్గర పట్టుదల మంచిదో చెడ్డదో కాదు, ముందు అదొక బలం. దాన్ని ఎవరు దేనికి వాడుతున్నారన్నది తర్వాతి మాట. నీతిపద్యం "ప్రారబ్ధార్థము", అంటే మొదలుపెట్టిన పని, అన్నదే గానీ, ఆ పని ఏమిటో, మొదలుపెట్టదగ్గదేనా కాదా అని అడగలేదు. అది అడగాల్సిన బాధ్యతను చివరన "ప్రజ్ఞానిధుల్" అన్న మాట మీద వదిలేసింది. కిందటి రోజు గీత గీయించింది దీనికోసమే.

కథ వెనక కథ కూడా ఇక్కడ పనికొచ్చింది. గజేంద్రుడు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజు. విష్ణుధ్యానంలో మునిగి, అగస్త్యుడు వస్తే లేవలేదు. ఆ శాపంతో ఏనుగైపోయాడు. మొసలి హూహూ అనే గంధర్వుడు, దేవలుడి శాపం. ఆ రాజుకు భక్తీ ఉంది, చెదరని నిష్ఠా ఉంది. ఆ రెండూ ఉన్నవాడే ఎదుటికొచ్చిన మనిషిని చూడక శాపం తెచ్చుకున్నాడు. "మనిషికి భక్తి, పట్టుదల రెండూ అవసరం" అన్న గైడు వాక్యానికి ఇంతకంటే పెద్ద అడ్డు నాకు దొరకలేదు.

ఐదో బోరు

మధ్యముడన్న పిల్లవాడి నాన్నకు చీనీ (బత్తాయి) తోట ఉంది. చర్చ ఇంటి దాకా వెళ్లిందని వాడి మాటల్లో తెలిసింది. మర్నాడు వచ్చి క్లాసులోనే చెప్పాడు.

"మేడమ్, మా నాయన నాలుగు బోర్లు ఏపిచ్చినాడు. పాయింటు చూసినాయప్ప టెంకాయ లేసి నిలబడిందన్న్యాడు. నాలుగూ ఎండిపోయినాయి. ఐదోది ఏపిస్తానంటే మాయమ్మ వద్దనింది. మా నాయన ఆపినాడు. ఇప్పుడు మా నాయన మధ్యముడా?"

మా ప్రాంతం తెలిసినవాళ్లకు ఈ ప్రశ్న బరువు చెప్పక్కర్లేదు. చీనీ చెట్టుకు వేసవిలో నీళ్లు తప్పితే ఏళ్ల పెంపకం పోతుంది. చెట్టు కళ్ల ముందు వాడుతుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం ఎవరివల్లా కాదు. ఇంకొంచెం లోతుకు పోతే పడతాయేమో, ఇంకో పక్కన వేస్తే పడతాయేమో అని అప్పు మీద అప్పు. బోరు బండి వచ్చిన రాత్రి ఊరంతా అక్కడే ఉంటుంది, దుమ్ము లేస్తున్నంత సేపూ ఎవరూ మాట్లాడరు. "ఉజ్జగింపరు" అన్న మాటను అట్లాగే పట్టుకుని వేలం దాకా వెళ్లిన ఇళ్లు ప్రతి ఊళ్లో ఉన్నాయి. ఆ పిల్లవాడికి పద్యాన్ని బట్టి తీర్పు చెప్పే ధైర్యం నాకు లేదు, చెప్పకూడదు కూడా.

నేను చెప్పలేదు, కానీ క్లాసు చెప్పింది. వెనక బెంచీ నుంచి ఒకడు "తన లావు వైరిబలముం జింతించి" అని చదివాడు. వాళ్లమ్మ చేసింది అదే కదా మేడమ్, లెక్క వేసింది అన్నాడు. వాళ్ల నాన్న నీళ్ల పాయింటు చూసే ఆయన మాట నమ్మాడు, అమ్మ చేతిలోని డబ్బు చూసింది, భూమిలోని నీళ్లు చూసింది. అది వదిలేయడం కాదు, ప్రజ్ఞ అన్నాడు. ఇంకొకరు వెంటనే అడ్డం వచ్చి, అట్లయితే ధీరుడికీ మధ్యముడికీ తేడా ఎట్లా తెలుస్తుందని అడిగారు. లెక్క వేసుకుని ఆపితే ప్రజ్ఞ, భయపడి ఆపితే మధ్యమం అని జవాబు వచ్చింది. భయపడ్డవాడు కూడా లెక్క వేసుకునే ఆపానంటాడు కదా? దీనికి ఎవరి దగ్గరా జవాబు రాలేదు, నా దగ్గర కూడా లేదు. ఆ ప్రశ్నను అక్కడే వదిలేశాను.

ఈ పీరియడ్ ముగిసేలోపు బురఖా తీసి బ్యాగులో పెట్టుకుని కూర్చునే ఒకమ్మాయి, ఎప్పుడూ నోరు విప్పనిది, చెయ్యెత్తింది. మాలో ఒక మాట ఉంది మేడమ్ అంది. ముందు నీ ఒంటెను కట్టెయ్, ఆ తర్వాత అల్లా మీద భారం వెయ్ అని. వాళ్ల నానమ్మ చెప్తుందట. ఏనుగు ఒంటెను కట్టేసి, తాడు తెగేదాకా పట్టుకుని, అప్పుడు పిలిచింది అంది. క్లాసులో అందరికంటే తక్కువ మాటల్లో గజేంద్రమోక్షాన్ని పట్టుకున్నది ఆ పిల్లే అని నా అభిప్రాయం.

పిలుపులో ఉన్న పట్టుదల

ఇక్కడ నాకంటూ ఒక తీర్పు ఉంది, దాన్ని చివరి రోజు చెప్పాను. నీతిపద్యం లెక్కలో గజేంద్రుడు మధ్యముడే అని ఒప్పుకోవాలి. ఆ లెక్క తప్పు కాదు, కానీ దానికో హద్దుంది. దెబ్బలు తింటూ కూడా ఉత్సాహం మిగిలినవాళ్ల గురించే అది మాట్లాడుతుంది. "ధృత్యున్నతోత్సాహులై" అన్నాడు. ఉత్సాహం పూర్తిగా అయిపోయినవాడు ఏం చేయాలో అందులో లేదు. పోతన పద్యం సరిగ్గా ఆ చోట మొదలవుతుంది. లావొక్కింతయు లేదు అన్నది ఆ పద్యానికి మొదటి మాట.

అయితే పోరు ఆగాక గజేంద్రుడు చేసింది ఒక్క కేక వేసి ఊరుకోవడం కాదు. "ఎవ్వనిచే జనించు" అన్న దగ్గర నుంచి పిలుస్తూనే ఉన్నాడు. పిలుస్తుంటే అనుమానం కూడా వచ్చింది.

కలఁ డందురు దీనుల యెడఁ
గలఁ డందురు పరమయోగి గణముల పాలం
గలఁ డందు రన్నిదిశలను
గలఁడు కలం డనెడువాఁడు గలఁడో లేఁడో?

పిలిచేది ఉన్నవాడినా లేనివాడినా అన్న సందేహం నోటి దాకా వచ్చాక కూడా పిలుపు ఆగలేదు. "లావొక్కింతయు" ఈ అనుమానం తర్వాతే వస్తుంది. చాలామంది ఈ వరస గమనించరు. బలం పోయిందని చెప్పే పద్యం, నమ్మకం కదిలిన తర్వాతి పద్యం. పైగా ఆ పిలుపు విన్న బ్రహ్మాదులు కదలలేదు. "విశ్వమయత లేమి వినియు నూరక యుండి రంబుజాసనాదు లడ్డపడక" అంటాడు పోతన. విన్నారు, ఊరుకున్నారు. ఏనుగుకు ఆ సంగతి తెలియదు. ఎవరూ రాకపోయినా పిలుస్తోంది. దెబ్బలు తింటూ వదలకపోవడం ధీరుల లక్షణమైతే, ఆ లక్షణం ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది, ఈసారి కండల్లో కాకుండా గొంతులో. కాబట్టి ఈ రెండు పద్యాల్లో ఒకదాంట్లో భక్తి, ఇంకొకదాంట్లో పట్టుదల ఉన్నాయనడం నా దృష్టిలో కుదరదు. పోతన పట్టుదలను మూడు చోట్ల పెట్టాడు. మొసలి నోట్లో, ఏళ్ల తరబడి సాగిన ఏనుగు పోరులో, ఆ తర్వాత దాని పిలుపులో. మూడోదాని పేరే భక్తి.

మధ్యముడన్న పిల్లవాడు దీనికి ఒప్పుకోలేదు. పిలవడం పోరాడటం ఎట్లయితుంది మేడమ్ అన్నాడు. వాడి పరీక్ష పేపర్లో కూడా అదే రాశాడు.

ఏం మారింది, ఏం మారలేదు

స్టాఫ్ రూంలో ఒక పెద్దాయన అభ్యంతరం చెప్పారు. భక్తి పాఠాన్ని ఇట్లా కోర్టు కేసులాగా విచారిస్తే పిల్లల్లో భక్తి నిలుస్తుందా అన్నారు. మర్యాదగానే జవాబు చెప్పాను. కలఁడో లేఁడో అని ఏనుగు చేత అడిగించింది నేను కాదు, పోతన అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఒప్పుకున్నారని అనుకోవడం లేదు.

రాతలో వచ్చిన మార్పు స్పష్టంగా ఒక చోట ఉంది. పిల్లలు పద్యంలోని మాటను ఎత్తి రాయడం మొదలుపెట్టారు. ముందు "కవి చక్కగా వర్ణించాడు" అని రాసినవాళ్లు ఇప్పుడు "విఘ్నం మూడు పాదాల్లో ఉంది, నాలుగో పాదంలో లేదు" అని రాస్తున్నారు. ఒకమ్మాయి గజేంద్రుడి పద్యంలో కర్తలను వరసగా రాసి, మూడో పాదంలో "నీవే" వచ్చాకే వాక్యం పొడవైందని చూపించింది. అది నేను చెప్పని సంగతి. సరిచూశాను, నిజమే. మొదటి రెండు పాదాల్లో ముక్కలుగా ఉన్న మాట ఆ తర్వాతే సాగుతుంది.

మారనిదీ ఉంది. తెలుగు కూడబలుక్కుని చదివే పిల్లలు కొందరికి ఈ పని బరువైంది. వాళ్లు నోటితో బాగానే వాదించారు, కానీ కాగితం మీదికి వచ్చేసరికి పాత మూడు వాక్యాలే దిగాయి. వాళ్ల కోసం పద్యాన్ని ముందు చెవిన వేయాలి. ఇళ్లలో అవ్వలకు గజేంద్రమోక్షం కంఠతా వచ్చిన కుటుంబాలు మా వైపు ఇంకా ఉన్నాయి. కష్టం వస్తే చదువుకుంటారు. అవ్వ చదివింది రికార్డు చేసుకుని రమ్మని కొందరికి చెప్పాను. ఫోన్లో తెచ్చారు. ఒక అవ్వ "డస్సెన్" దగ్గర గొంతు దించిన తీరు నా చదువులో కూడా లేదు. ఇది బాగా పనిచేసింది. మళ్లీ చేస్తే మొదటి రోజే చేయిస్తాను.

ఈ పాఠానికి నేను వాడిన సమయం సిలబస్ షెడ్యూల్లో ఒక పద్యపాఠానికి ఇచ్చే దానికంటే ఎక్కువే. వ్యాకరణం పీరియడ్లలో ఛందస్సును ఇక్కడే చెప్పేశాను కాబట్టి కొంత సర్దుకుంది. శార్దూల లక్షణం విడిగా చెప్పాల్సిన పని పడలేదు.

పరీక్ష కోసం పిల్లలకు ఇచ్చిన చట్రం ఇది. పోలిక ప్రశ్నకు మొదటి వాక్యంలో రెండు పద్యాలు ఎక్కడ కలుస్తాయో రాయాలి, విషయం గురించి కాకుండా పద్యంలో కనిపించే దాని గురించి. తర్వాత ఒక్కో పద్యం నుంచి కనీసం ఒక పదబంధం కొటేషన్లో రావాలి. ఆ తర్వాతే తమ అభిప్రాయం. భావం ముందు రాసి పోలిక చివర అతికించే పద్ధతి వద్దన్నాను. ఈ చట్రంలో రాస్తే ఎవరు దిద్దినా మార్కులు తగ్గవు, ఎందుకంటే భావమూ అందులోనే వచ్చేస్తుంది.

నేను దిద్దేటప్పుడు పెట్టుకున్న నియమం క్లాసులో ముందే చెప్పాను. గజేంద్రుడు ధీరుడని రాసినా, మధ్యముడని రాసినా, ఈ కొలబద్దే అతనికి చెల్లదని రాసినా, పద్యంలోంచి సాక్ష్యం చూపిస్తే పూర్తి మార్కులు. రెండు పద్యాలూ గొప్పవే అని రాసి వదిలేస్తే సగం. మధ్యముడన్న పిల్లవాడికి పూర్తి మార్కులు వేశాను. వాడు "మిథ్యామనోరథ మింకేటికి" అన్న మాట ఎత్తి రాశాడు, కింద బోరు సంగతి రాయలేదు. అడిగితే, అది పేపర్లో రాసేది కాదు మేడమ్ అన్నాడు.